జాబితా నిండింది

మలక్‌పేటలో కొన్న మూడో చేతి బండి.
మొదటి రెండు చేతులు ఎవరివో
కాగితాల్లో ఉంది, నేను చదవలేదు.
తాళం ఇస్తూ సత్తార్ అన్నాడు:
"ఇంజను గట్టిది మేడం,
తెర మాత్రం జర మొండిది."

తెర అంటే ఆ ఏడంగుళాల అద్దం.
వేలితో ఒకసారి చెబితే వినదు,
రెండోసారి చెబితే రెండుసార్లు వింటుంది.

నారాయణగూడ ఫ్లైఓవర్ కింద, వానలో,
బండి పక్కకాపి
ఫోను ఒళ్ళో పెట్టుకుని సెట్టింగుల్లోకి దిగాను.
బ్లూటూత్ వెతుకుతోంది.
చిన్న చక్రం తిరుగుతోంది
నుమాయిష్‌లో పిల్లాడి చెయ్యి జారిన తండ్రిలా.
ఎంతసేపటికో ఒక మాట:
జాబితా నిండింది. ఒక పరికరాన్ని తొలగించండి.

ఐదు పేర్లు.
గౌసియా రెడ్‌మీ.
కనకయ్య ఎలక్ట్రికల్స్.
బుజ్జి2.
ఉత్త అంకెల పేరొకటి.
చివరిది, తెలుగులోనే: ముట్టుకోకు.

నాకు చోటు కావాలంటే వీళ్ళలో ఒకరు దిగాలి.
సెవెన్ సీటర్ ఆటోలో
"జర జరుగన్నా" అంటే పుట్టుకొచ్చే చోటు
ఈ తెరకి తెలీదు.

అంకెలవాణ్ని ఎంచుకున్నాను.
పేరు లేనివాణ్ని తీసేయడం తేలిక,
మా ఆఫీసులోనూ అంతే చేస్తాం.
"ఖచ్చితంగానా?" అని అడిగింది తెర.
నా పెళ్ళప్పుడు కూడా ఎవరూ
అంత మర్యాదగా అడగలేదు.
అవును, నొక్కాను.

ఇక్కడ ఆరంకెలు, అక్కడ ఆరంకెలు,
ఒకటేనా? ఒకటే.
నా మూడొందల పన్నెండు నంబర్లూ
బిలబిలమంటూ బండెక్కాయి,
పాల ప్యాకెట్ల ఎల్లేశ్‌తో సహా,
మూడేళ్ళుగా ఫోనెత్తని వసుంధరతో సహా.

గురువారం ఫోను ఇంట్లో మరిచాను.
సాయంత్రం, లక్డీకాపూల్ సిగ్నల్,
ఎర్ర దీపం మీద నూట నలభై సెకన్లు.
తెర దానంతటదే లేచి
గౌసియా రెడ్‌మీ కలిసింది, అంది.

చుట్టూ చూశాను.
ఎడమ పక్క ఆటో. వెనక సిటీ బస్సు.
కుడి పక్క స్కూటీ మీద ఒకే రెయిన్‌కోటులో ఇద్దరు.
ముప్పై అడుగుల లోపల ఎక్కడో గౌసియా.
సీట్ల కవర్లు మారినా, అత్తరు వాసన పోయినా
బండి ఆమెను గుర్తుపట్టింది.
ఆమె బస్సు కిటికీలోంచి ఈ టాపునే చూస్తూ
గుర్తుపట్టలేదేమో.

మోగింది.
నాలుగు తలుపుల్లోంచీ ఒకేసారి.
తెర మీద పేరు:
ఈఎంఐవాలా నక్కో ఉఠావ్.

నేను ఎత్తలేదు.
ఆమే ఎత్తలేదు.
ఆ మోత ఆగేదాకా ఇద్దరం
ఊపిరి బిగబట్టి కూర్చున్నాం,
తలుపు కొడుతున్నవాడు వెళ్ళిపోయేదాకా
లైటార్పుకుని కూర్చున్నట్టు.
ఈ బండి నా చేతికెలా వచ్చిందో
అప్పుడు చదివాను, కాగితాలు తియ్యకుండానే.

పచ్చ దీపం.
బస్సు మాసాబ్‌ట్యాంక్ వైపు, నేను ఖైరతాబాద్ వైపు.
కనెక్షన్ తెగిపోయింది.

"ఆ పేర్లన్నీ తుడిచేసి కొత్తదిలా చేసిస్తా మేడం,
పైసలు కూడా వద్దు" అన్నాడు సత్తార్.
వద్దులే అన్నాను. ఎందుకన్నాడు. చెప్పలేదు.

ఇప్పుడు లక్డీకాపూల్ రాగానే
నా ఫోను బ్లూటూత్ ఆపేస్తాను.
నూట నలభై సెకన్లు బండి ఖాళీగా వెతుక్కుంటుంది.
గౌసియా మళ్ళీ ఎక్కలేదు.
నిన్న 'ముట్టుకోకు' ఒక్క క్షణం వెలిగి ఆరింది.

అంకెలవాడూ ఈ దారినే పోతుండొచ్చు,
రోజూ, నా పక్కనుంచే.
వాణ్ని చూసి లేవడానికి ఈ బండిలో ఇప్పుడు ఎవరూ లేరు.
ఖచ్చితంగానా అని అది అడిగింది కదా,
కాసేపు ఆగి ఉండాల్సింది.

వెనకవాడు హారన్ కొడుతున్నాడు.