జీడి గుర్తు

పాత చాకలిపేటలో మా ఇస్తిరి కొట్టు.
లోపలి గోడ మేకుకు ఒక తెల్ల చొక్కా,
తెలుపని అనడమే గానీ పాత నెయ్యి రంగు.
కాలరు లోపల నల్లజీడితో పెట్టిన గుర్తు:
మూడు చుక్కలు, కింద ఒక అడ్డగీత.

అది మనిషి గుర్తు కాదు, సబ్‌మెరీన్‌ది.
హార్బరుకొచ్చే ప్రతి ఓడకూ మా తాత చెంగయ్య
ఒక గుర్తు కట్టేవాడు.
యుద్ధం రోజులు. టోపీల మీద ఓడ పేరు లేకుండా
తిరిగేవాళ్ళు ఓడ సిపాయిలు.
దొరల పుస్తకంలో దాని పేరేమిటో
మాకు ఈనాటికీ తెలియదు.
మా చిట్టాలో మూడు చుక్కలూ గీతా, అంతే.
గీత నీళ్ళు.
చుక్కల్ని నీళ్ళ పైనే పెట్టాడు తాత.

ఆ మూటలొస్తే జేజి ముక్కు మూసుకునేది.
డీజిలు, చెమట, ఉడికిన క్యాబేజీ,
ఎండ తగలని ఒంటి వాసన.
చవుడు పెట్టి ఉడికించినా, బండకేసి బాదినా
ఆరాక మళ్ళీ లేచేది.
"ఈ బట్టలు గాలి ఎరగవు" అనేది.

మూటలు తెచ్చేవాడు అర్లయ్య.
అసలు పేరు హార్లో కావచ్చు.
మణికట్టు మీద కాలిన మచ్చ. పందొమ్మిదేళ్ళుంటాయేమో.
వాడికి తెలుగు రాదు, జేజికి ఇంగ్లీషు రాదు,
ఇద్దరికీ కలిపి వచ్చిన అరవం పది మాటలు.

ఒకనాడు మా నీలిమందు తొట్టిలో
అగ్గిపెట్టె వదిలాడు.
అడుగు నుంచి పిడికిలి తెచ్చి ఒక్క పోటు.
అగ్గిపెట్టె మునిగింది. వాడు నవ్వాడు.
ఆ తర్వాత ట్రాము టిక్కెట్టు మడిచి తెరచాప ఎత్తాడు,
కాశిమేడు పడవలంత చిన్నదని చేత్తో చూపాడు,
దాన్నీ పొడిచాడు.
ఈసారి నవ్వలేదు.
"అందులో మనుషులా?" అంది జేజి.
వాడు తడిసిన టిక్కెట్టును
వేళ్ళతో విప్పుతూ కూర్చున్నాడు.

జేజి తమ్ముడు రంగూన్ పోయినవాడు,
రెండేళ్ళుగా జాబు లేదు.
ఆ తొట్టి నీళ్ళు పారబోసి మళ్ళీ నీలిమందు కలిపింది.
దండగ ఖర్చని తాత తిట్టాడట.

ఆఖరి మూట కార్తీకం ముసురులో.
ఎన్నాళ్ళకొస్తావంటే చేతివేళ్ళు పది చూపాడు,
బూట్లు విప్పి కాలివేళ్ళు పది చూపాడు,
ఇంకొక్కటి తక్కువైతే
తాత బొటనవేలు పట్టుకుని
దాన్నీ కలిపాడు.
ఇరవై ఒకటి.

బట్టలారాయి. ఇస్తిరి అయింది.
ముప్ఫై రోజులు. నలభై.
కోర్టు మీది దీపం యుద్ధమని ఆర్పేసి ఉంది.
మూట నెత్తిన పెట్టుకుని తాత
హార్బరు గేటుకెళ్ళి గుర్తు చూపించాడు.
"అలాంటి పడవ లేదు, పో" అన్నాడు గుమాస్తా.
లేని పడవకు బట్టలెలా మాస్తాయని
అక్కడ అడగలేదు.
ఇంటికొచ్చి గాడిదనడిగాడు.

మాఘంలో వాళ్ళే పిలిచారు.
పోయారని ఎవరూ అనలేదు.
ఎక్కడ, ఎంత లోతున, ఎందరు అని అసలే అనలేదు.
బాకీ ఎంతన్నారు.
పదకొండు రూపాయల ఆరణాలు.
అణా తగ్గించమని బేరమాడలేదు.
అప్పుడు తెలిసిందట తాతకు.
బతికున్న దొర ఎవడూ
చాకలి లెక్కకు అలా తలూపడు.
సిరా డబ్బా ముందుకు తోశారు.
అర్లయ్యకు అప్పిచ్చిన బొటనవేలే
ముంచి, రసీదు మీద ఒత్తాడు.

మూట తీసుకున్నారు. ఈ చొక్కా తప్ప.
చేతి మడత దగ్గర పెట్టె ఎక్కువసేపు ఆగి
గోధుమరంగున కాలింది.
"వాడొస్తే నేనే చెప్పుకుంటాను" అని
బియ్యం కుండ వెనక దాచింది జేజి.
ముప్ఫైయేళ్ళు బతికింది ఆ తర్వాత.
కోపమొస్తే తాతను ఒకే మాట అనేది:
"ఆ గీత చుక్కల మీద గీయాల్సింది.
నీకు తెలియలేదు."

ముసురు పట్టి గోడ చెమ్మెక్కిన రోజు
ఆ మేకు దగ్గర సన్నగా
డీజిలు వాసన.
వీధిలో లారీలదని నా కొడుకంటాడు.
కావచ్చు.