రెండు దెబ్బలు

మేం తిరిగొస్తున్నామని
అందరికన్నా ముందు టైటస్‌విల్ కుక్కలకి తెలిసేది.
తర్వాత కిటికీ అద్దాలకి.
ధన్, ధన్.
ముక్కుది ఒకటి, తోకది ఒకటి,
ఆకాశం తలుపు ఎవరో రెండుసార్లు తట్టినట్టు.

ఐరీన్ వాళ్ళక్క ఇంట్లో కూచునేది.
రెండో దెబ్బ వినపడేదాకా
కాఫీకి నీళ్ళు పెట్టదు.
ఒక ఫిబ్రవరి ఉదయం
ఆ దెబ్బలు రాలేదు.
రావలసిన నిమిషం వచ్చింది, వెళ్ళింది,
కుక్కలు నిద్రపోతూనే ఉన్నాయి.
వాళ్ళలో నేను లేను. హ్యూస్టన్‌లో
హెడ్‌సెట్ పెట్టుకుని, జవాబివ్వని ఏడుగురిని
పేరుపేరునా పిలిపిస్తున్న గదిలో ఉన్నాను.
ఆవిడ మొండిపట్టు ఆనాటిది.

మూడుసార్లు వెళ్ళొచ్చాను.
మూడుసార్లూ నా చప్పుడు నేను వినలేదు.
లోపలున్నవాడికి అది వినపడదు,
ఎదురుచూసేవాళ్ళ వాటా అది.

పైనుంచి భూమి ఎలా ఉందని అడుగుతారు.
నాకు గుర్తున్నది దిగాక
నా చేతి గడియారం బరువు.
ముప్పై ఏళ్ళు గానుగెద్దుల్లా
ఒకే గాట్లో తిరిగారు, ఎక్కడికీ పోలేదు అంటాడు మా అల్లుడు.
నిజమే.
గానుగ చుట్టూ తిరిగేదాన్ని
ఎంత దూరం పోయావని ఎవరడుగుతారు?
నూనె సంగతి అడగాలి గానీ.

చివరిది దిగిన రోజు
రన్‌వే పక్కన మడ వాసనలో నిలబడ్డాను.
ఇంకా తెల్లవారలేదు.
దోమలు నా హోదాని లెక్కచెయ్యలేదు.
పక్కన వెర్డెల్ ఓడమ్,
ఇరవై ఆరేళ్ళు పెంకులు అతికించిన మనిషి.
ఇళ్ళకి పెంకులు నెత్తిన వేస్తారు,
దీనికి పొట్టకింద.
వేలకి వేలు, ఏ రెండూ ఒక కొలత కావు.
"నా పెంకులు దిగుతున్నాయి" అంది.

అప్పుడు విన్నాను.
ధన్, ధన్.
నా రొమ్ములోంచి వెళ్ళింది
నేను ఇన్నేళ్ళూ ఇంకొకరికి పంపిన కబురు.
ఇంత గట్టిగా ఉంటుందని
ఐరీన్ ఎప్పుడూ చెప్పలేదు.

దిగేటప్పుడు దానికి ఇంజన్ ఊపిరి లేదు.
వట్టి బరువు, రెక్కలు, ఒక్క అవకాశం.
మరో చుట్టు తిరిగొస్తానంటే కుదరదు.
చీకట్లోంచి లైట్ల వెలుగులోకి వచ్చి
నేల తాకి, పరిగెత్తి,
ఆగింది.
ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు,
సగంలో మానేశారు.

వేడి చల్లారాక వెర్డెల్ కిందకి దూరి
పశువుల డాక్టరులా పొట్టంతా చూసింది.
ఒక మూల బొటనవేలితో నొక్కింది.
బయటికొచ్చి మోకాళ్ళు దులుపుకుంటూ,
అలవాటు కొద్దీ,
"బావుంది. మళ్ళీ పంపొచ్చు" అంది.

ఎవరం మాట్లాడలేదు.
దూరంగా ఒక ట్రక్కు
వెనక్కి వస్తూ కూతపెడుతోంది.
ఆ వారంలోనే ఆమెకి ఉత్తరం అందింది.
ఇప్పుడు హార్డ్‌వేర్ కొట్లో
మేకులు తూచి ఇస్తుంది.
త్రాసు చూడకుండానే సరిగ్గా పోస్తుంది.

అది ఇప్పుడు ఒక హాల్లో, ఒక పక్కకి ఒరిగి,
నీలం దీపాల కింద.
మంగళవారాలు నేను అక్కడ నిలబడి
పిల్లల ప్రశ్నలకి జవాబిస్తాను.
మొన్న ఒక పిల్ల చాలాసేపు తేరిపార చూసి
"దీనికి బాత్రూం ఎక్కడ?" అంది.
చూపించాను.
అన్నిటికన్నా నిజాయితీ అయిన ప్రశ్న.

మేమిద్దరం ఇక్కడికే వచ్చేశాం, వాళ్ళక్క పోయాక,
ఆ ఇంటికే.
నదిమీద పెలికాన్లు, పెరట్లో నారింజ చెట్టు,
ఒకటే ముసలి కుక్క, అదీ చెవిటిది.
నిన్న రాత్రి కిటికీలు అదిరాయి.
ఒకటి, రెండు, మూడు.
కొత్తరకం, దానంతటదే తిరిగొచ్చి
కాళ్ళమీద నిలబడేది.
"ఎవరొచ్చారు?" అంది ఐరీన్ చీకట్లో.
"ఎవరూ లేరు. ఖాళీ గొట్టం."
"మరి మూడుసార్లు తలుపు కొట్టడం ఎందుకు, మర్యాద లేకుండా"
అని గొణుక్కుంటూ లేచి
చెప్పులకోసం కాళ్ళతో తడుముకుని
కాఫీకి నీళ్ళు పెట్టింది.