కొలతల బుక్కు

మధ్యాన్నం మూడు దాటితే
కొండారెడ్డి బురుజు నీడ మా అంగడి షట్టరు మీద పడతాది.
ఆ నీడలోనే వచ్చె ఆమె మొదటిసారి,
చేతిలో కాగితం మీద గీసిన బొమ్మ.
మనిషా, మిక్సీనా తెలీలే నాకు.
"స్పేస్ సూటంట కాశీమన్నా, ఎల్లుండికి కావల్ల."

నలభై మూడో పేజీ.
పేరు సుంకులమ్మ, ఊరు బేతంచెర్ల.
టీవీలో ద్యుతి అని వేస్తారంట,
అది నేను రాసుకోలే.
కొలతలు మా బీబీ చెప్పె, రాసింది నేను:
నడుము ఇరవై ఆరు, చెయ్యి ఇరవై రెండు,
ఎడమ భుజం అరించు దిగువ.
నాపరాళ్ళ గనికాడికి
నాయనకు నీళ్ళ బిందె మోసిన భుజం.

వెండి గుడ్డ కర్నూల్లో యాడా దొరకలే.
ఎవరిదో జీపు సీటుకు తెచ్చిన రెగ్జిన్ ఉండ్య, కత్తిరిస్తి.
గాలి పీల్చే గొట్టానికి బోరింజను పైపు.
తలకు మిఠాయి అంగడి గాజు సీసా.

ఓర్వకల్లు రాళ్ళలో షూటింగు.
అది నూటొక్కటో గ్రహమంట.
మే నెల. రెగ్జిన్‌లో ఆమె ఉడికిపోతాంటే
"ఇక్కడ మంచు కురుస్తోంది, వణకండి మేడం" అనె డైరెక్టరు.
వణికె.
రాతి ఎనక గొడుగు పట్టుకోని నిలబడిన నేను
చొక్కా పై గుండీ పెట్టుకుంటి.

శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నరకు
వన్‌టౌన్ రోడ్డు ఖాళీ.
నోరు ఆమెదే, గొంతు ఎవరిదో.
"నీ యాస అంతరిక్షానికి పనికిరాదమ్మా" అనిరంట.
ఇరవై ఆరో శతాబ్దంలో
చుక్కల మధ్య బస్సులు తిరుగుతాయి,
రోబో వ్యాకరణం తప్పదు,
పచ్చ మొగం రాక్షసుడు కూడా "విచ్చేయుచున్నాను" అంటాడు.
"యాడికి" అనే మాటొక్కటే
ఎవరికీ మిగల్లే.

సూటు మల్లా మల్లా నా దగ్గరికి వస్తాండ్య.
ఉల్కలవాన అని కంకర ఇసిరినారంట, మోచేయి చినిగె.
ఒకసారి నడుము రెండించులు వదులు చేయమనె,
బీబీ నవ్వె.
రెండు నెల్లకు మల్లా బిగించమనె,
పాత కొలతకంటే ఇంకా ఒకించు లోపలికి.
బీబీ టేపు చుట్టి పక్కన పెట్టి
ఆమెకు చాయ్ చేసిచ్చె.
నేను మిషను తొక్కతా ఉంటి, దారం లేకుండానే.

ఆఖరి వారం గొంతిచ్చే ఆమెకు జొరమొచ్చె.
టైము లేక ఉన్నదున్నట్లే వేసిరి.
ఓడ పగిలిపోతాంది, రోబో ఎర్రగా మినుకుతాంది,
ఆమె దాని తల మీద చెయ్యేసి
"ఏం కాదులే నాయనా, నేనుండా గదా" అనె.
టీకొట్టుకాడ ఒకడు ఈల వేయబోయి ఆగిపాయ.
నా సూదికి దారం ఎక్కలే
శానా సేపు.

తర్వాత ఒక సబ్బు ప్రకటన, రెండు అంగళ్ళ ప్రారంభం,
అంతే.
ఇప్పుడు బేతంచెర్లలో నాపరాళ్ళ పాలీషు మిషను ఆమెదే.
మూతికి గుడ్డ కట్టుకోని తెల్లదుమ్ములో నడుస్తాంటే
నాకు ఆ గ్రహమే గుర్తుకొస్తాది.

పోయిన నెల వచ్చె, సంచిలో సూటు,
ఎంట గనికూలీ బిడ్డ, ఆరో తరగతి.
"బడిలో సైన్సు నాటకమంట, దీనికి సరిజేయన్నా.
మాటలు మాత్రం అదే చెప్పుకుంటాది."

అదే పేజీ తీస్తి. కింద కొంచెం జాగా ఉండ్య.
చెయ్యి పదిహేడు, నడుము ఇరవై ఒకటి.
భుజాలు రెండూ సమం.
బీబీ నమ్మక
ఇంకొకసారి కొలిచె.