ఎడమ చక్రం గుర్తు

హొసకోటె దాటినాక టిప్పరు వెనకనుంచి
కందిగింజంత రాయి ఒకటి లేచింది.
టప్!
అంతే. ఊరూ పేరూ లేదు,
రాయిని ఆపి లైసెన్సు అడిగేవాళ్లెవరు?

స్టీరింగు ముందు వనజాక్షి గారు,
అరవై ఒకటో ఏట, చేతిలో ఎల్‌ఎల్‌ఆర్ కాగితం.
పక్కసీట్లో నేను, నా కాలికింద నా బ్రేకు.
నా కాలు తడబడింది.
ఆమె చేతులు మాత్రం పెట్టినచోటే ఉన్నాయి.
"ఏందే మస్తానీ అది, పిట్టా?" అని
ఇండికేటర్ వేసి, పక్క అద్దం చూసి,
మెల్లగా ఓరకు తీసి ఆపింది మహాతల్లి.
పదిహేడు క్లాసుల్లో నేను నేర్పలేనిది
కందిగింజ నేర్పింది.

ఆ సాయంత్రమే పోయుంటే సరిపోయేది.
రూపాయి బిళ్ల కింద దాగే దెబ్బయితే
జేసీ రోడ్డులో అక్రం భాయ్
సూదితో జిగురు ఎక్కించి, నీలిదీపం కింద ఆరబెడతాడు.
మచ్చ ఉంటుంది, పగులు నడవదు అంటాడు.
నేనే, రేపు పోదాం, రేపు పోదాం.
ఈలోపు బయటి ఎండకూ లోపలి ఏసీకీ నడుమ
చుక్క కాలు చాపింది.
శుక్రవారానికి జానెడు. సోమవారానికి మూరెడు.
మా కదిరి చేలల్లో నెర్ర కూడా
ఇంత తొందరపడదు.

సర్వేయరు శివానందప్ప వచ్చాడు,
బయటనుంచి ఆరు ఫోటోలు, లోపలనుంచి రెండు.
"బండి యారు ఓడిస్తా ఇద్దరు?"
నేనే అనేద్దామని నోరు తెరిచాను.
"నేను" అన్నారు వనజాక్షి గారు,
బడిలో హాజరు పలికినట్టు.
ఆమె కాగితం చూశాడు. తేదీ చూశాడు.
పక్కన నేర్పేవాళ్లు ఉన్నారా అన్నాడు.
ఉన్నాను. నా లైసెన్సూ చూశాడు.
కారణం అనే గడిలో ఒకే మాట రాసుకున్నాడు:
కల్లు. అంటే కన్నడంలో రాయి.
మన కల్లు అనుకుని నాకు చెమట పట్టింది.

ఇక లెక్క.
రబ్బరుకూ ప్లాస్టిక్కుకూ సగం కోస్తారు,
ఇనుముకు బండి వయసు చూసి కోస్తారు,
అద్దానికి మాత్రం ముసలితనం లేదంట,
ఎన్నేళ్లదైనా కొత్తదాని ధరే ఇస్తారంట.
వనజాక్షి గారు ఈ మాట రెండోసారి చెప్పించుకున్నారు.
మొదటి వెయ్యి మనది.
మూడేళ్లు క్లెయిము లేకుండా కూడబెట్టిన తగ్గింపు
వచ్చే ఏడు సున్నా.
ఎదుటి సందులో స్కూలాయన థర్డ్ పార్టీ ఒక్కటే కట్టాడు,
ఆయన అద్దం పగిలితే ఆయన జేబే ఇన్సూరెన్సు.

పాతది తీగతో కోసి తీశారు.
ఇద్దరు పట్టి ఎత్తితే
అప్పడంలా పటపటమంది, రాలలేదు.
రెండు గాజుల నడుమ కనపడని పొర ఉంటుందంట,
విరిగినాక పట్టుకోవడమే దాని పని.

అప్పుడు చూశాను, లోపలివైపు, కింద,
బొట్టుబిళ్లలు.
ఎడమ చక్రం ఎక్కడ పోతోందో తెలిసేందుకు
ఎవరి ఎత్తుకు వాళ్లకి అంటించినవి.
పొట్టి గుల్నాజ్‌కి ఆకుపచ్చది,
పొడుగు చైతాలికి నల్లది, గోరుతో గీకినా పోనిది,
పరీక్ష తప్పి మళ్లీ రాని పిల్లది ఒకటి,
వనజాక్షి గారిది ఎర్రది, అందరికంటే పెద్దది.
"వీటికేమైనా ఇస్తారా?" అని అడిగాను ఊరికే.
శివానందప్ప ఫారం మడిచాడు.

ఈ పొద్దున ఆరింటికి కొత్త అద్దం.
ఇంకా జిగురు వాసన.
రామమూర్తినగర్ రోడ్డు మొత్తం కనిపిస్తోంది,
కుక్క, పాలవ్యాను, తడి గుంట, అన్నీ.
కొత్తగా చేరిన అమ్మాయి క్లచ్ వదలబోతూ ఆగింది.
"అక్కా, ఎడమ చక్రం ఎక్కడుంది?"
హ్యాండుబ్యాగులో బిళ్లల అట్ట కోసం వెతుకుతున్నాను.