పొగ ఉన్నచోట

నేలకి జ్వరం చూడటం నా ఉద్యోగం.
లార్చ్ చెట్ల మధ్య దింపిన ఇనప గొట్టంలోకి
పది మీటర్ల తీగ వదిలి
మీటరుకో అంకె రాసుకుంటాను.
పైనుంచి ఐదోది
మా అమ్మ ఇదే పని చేసిన రోజుల్లో మైనస్ నాలుగు.
ఈ జూలైలో మైనస్ ఒకటిన్నర.

"ఎంతుందే?" అంటుంది ఒక్త్యాబ్రినా పెద్దమ్మ,
ఒళ్ళు కాలుతున్న పిల్లాడి గురించి అడిగినట్టు.
చెప్తాను.
టీలో జింకపాలు పోసి
చాలాసేపు కలుపుతుంది.

ఇక్కడ చెట్టు లోతుకి పోదు.
మోకాలి లోతున మంచుగడ్డ తగిలి
వేళ్ళు పక్కకి మళ్ళి
పక్క చెట్టు వేళ్ళని పట్టుకుంటాయి.
నా మణికట్టంత మాను ఒకటి పడిపోతే
కోసి లెక్కపెట్టాను: నూట ఎనభై వలయాలు,
కొన్ని దారప్పోగంత, కొన్ని అదీ లేదు.
పైన నాచు దుప్పటి, దాని కింద చలి.
చలి ఉంది కాబట్టి నీళ్ళు ఇంకిపోవు,
ఇంకిపోవు కాబట్టి
వానలు పిసినారులైన ఈ దేశంలో
ఇంత అడవి.

కిందటేడు వాగు ఒడ్డున నేల కుంగింది.
చెట్లు తలో దిక్కుకీ వాలాయి.
పెళ్ళిలో తాగిన చుట్టాల్లా ఉన్నాయని
నవ్వాడు అర్సేంతి.
పెద్దమ్మ నవ్వలేదు. ఒక మానుకి వీపు ఆనించి
కాసేపు నిలబెట్టాలని చూసింది.

జూన్ వస్తే దోమలు.
దోమలంటే దోమలు కావు, గాలికి బదులు అవే.
జింకల కళ్ళ చుట్టూ, ముక్కుల్లో, లేత కొమ్ముల మీది నూగులో.
అప్పుడు పెద్దమ్మ పుచ్చిన కట్టె మీద
తడి నాచు కప్పి పొగ పెడుతుంది.
ఎక్కడెక్కడివో వచ్చేస్తాయి.
పొగలోకి తలలు దూర్చి
కళ్ళు మూసుకుని నెమరేస్తాయి.
నిప్పు లేనిదే పొగ రాదన్నది మనుషుల సామెత.
జింకల సామెత వేరు:
మనిషి లేనిదే పొగ రాదు.

ఆ ఆగస్టులో వానలేని పిడుగు పడింది.
రెండో రోజుకి సూర్యుడు రాగి బొత్తాం.
పడమటి గట్టు దాటి వచ్చింది పొగ,
ఏ మనిషీ పెట్టనిది.
మంద లేచింది.
మెడలో గంట ఉన్న ముసలి ఆడజింక, మచ్చల బుగ్దీ,
ముందు నడిచింది. వెనక నలభై.
పరుగెత్తలేదు.
ఇంటికి వెళ్ళేవాళ్ళు పరుగెత్తరు.

అర్సేంతి ఉప్పుసంచి ఊపుతూ
పేరు పేరునా పిలిచాడు.
నేను తాడు పట్టుకుని ఊరికే నిలబడ్డాను.
పెద్దమ్మ మాత్రం
తూర్పున వాగు ఇసకలో మోకాళ్ళేసి
చేతికందిన నాచంతా పీకి
తనూ ఒక పొగ పెట్టింది.
కొండంత పొగకి ఎదురుగా
పొయ్యి మీంచి లేచేంత పొగ.
అది తెలిసిన వాసనేమో,
ఇరవై మూడు వెనక్కి తిరిగాయి.
గంట చప్పుడు చాలాసేపు వినపడింది,
దూరమవుతూ.

కాలినచోట ఇప్పుడు ఎర్రపూల మొక్కలు, కొన్ని బిర్చ్ పిలకలు.
జింక తినే తెల్ల లైకెన్ మళ్ళీ వేలెడు పెరిగేసరికి
అర్సేంతి మనవడు ముసలాడవుతాడు.
నాచు లేని నల్లనేల
ఎండని ఎంతొస్తే అంత తాగేస్తోంది.

ఈ ఏడూ దోమలొచ్చాయి.
పొగ పెట్టినప్పుడల్లా పెద్దమ్మ
పాత డబ్బా మూత మీద గరిటెతో కొడుతోంది,
ఆగకుండా, చెయ్యి నొప్పెట్టేదాకా.
చప్పుడు లేని పొగ మనది కాదని
కూనలకి చెబుతోందట.
నేర్చుకుంటాయా అని నేను అడగలేదు.

తీగ పైకి లాగుతుంటే
వెనకనుంచి వచ్చి నిలబడింది, చేతిలో గరిటె.
"ఎంతుందే?"

"మైనస్సే" అన్నాను.