ఒకే కిలోమీటరు

పెరంబూరులో మా కొట్టు నుంచి వ్యాసర్పాడి సబ్‌వే దాకా
పోయి వస్తే ఒక కిలోమీటరు.
ఏ సైకిలు బాగుచేసినా ఆ దారిలో ఒకసారి తొక్కి చూడందే
అప్పగించను.
రెండు స్పీడు బ్రేకర్లు,
నీళ్ళ గొట్టానికి తవ్వి, పూడ్చామనుకున్న పొడుగాటి గాటు,
చేపల బండి నిలిచే మూల, అక్కడ ఎప్పుడూ తడే.
నాకు కంఠతా వచ్చిన దారి.
దాన్నే మళ్ళీ మళ్ళీ వింటాను
ఒక్కో ఫ్రేము ఒక్కో గొంతుతో చెబుతుంటే.

ఉక్కుది పాలాయన బండి.
రంగు కింద రంగు, దాని కింద ఇంకో రంగు.
గుంతలో దిగినప్పుడు కాస్త వంగి, కాస్త ఊగి,
పెద్దవాళ్ళు చావు కబురు చెప్పినట్టు
నెమ్మదిగా చెబుతుంది.
బరువే. ఎవరు కాదన్నారు?
వంతెన ఎక్కేటప్పుడు తొడలనడగాలి.
ఉప్పుగాలికి తుప్పు లోపల్నించి తింటుంది,
సీటు గొట్టం లాగి తలకిందులు చేస్తే
టీపొడిలా రాలుతుంది.
అయినా విరిగితే మాటు పడుతుంది.

మాటు వేయడం నేర్పింది ఏకాంబరం మేస్త్రీ,
రైలుపెట్టెల ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు అతికినవాడు.
ఇత్తడి కరిగి అతుకు చుట్టూ పారుతుంటే
మంట రంగు చూడు, నా మొహం కాదు, అనేవాడు.
"ఉక్కు చిన్న దెబ్బల్ని లెక్కలో వేసుకోదు ధనకోటీ.
అల్యూమినియం అలా కాదు,
ప్రతి గుంతా పద్దు రాస్తుంది.
పుస్తకం నిండిన రోజు
ఒక్క మాటైనా చెప్పకుండా పోతుంది."

అల్యూమినియానివి ఇప్పుడు రోజుకు నాలుగొస్తాయి.
కాలేజీ పిల్లలవి, లావు గొట్టాలవి.
తొక్కిన తొక్కు తొక్కినట్టే చక్రానికి చేరుతుంది,
దారిలో ఎవరూ కమీషన్ కొట్టేయరు.
రోడ్డూ అంతే నిజాయితీగా పైకొస్తుంది.
ఆ గాటు దగ్గర
నా ఎడమ మణికట్టు పళ్ళు బిగిస్తుంది.

ఆ మణికట్టే నా కొలబద్ద.
డిసెంబరు వానలో గూడ్స్ పట్టాల మీద జారితే
స్టాన్లీ ఆస్పత్రిలో ప్లేటు వేశారు, ఆరు మరలతో.
"టైటానియం అక్కా, తుప్పు పట్టదు"
అన్నాడు కుర్ర డాక్టరు, పాత్రల కొట్టువాడిలా.

కార్బన్ తెచ్చినాయన అన్నానగర్ నుంచి, కారు వెనక కట్టుకుని.
రెండు వేళ్ళతో ఎత్తాను.
అది కమ్మరి పని కాదు, నేతగాడి పని,
నల్ల నూలు, జిగురు, పొయ్యి వేడి.
దాని మీద నా కిలోమీటరు
పక్కింట్లో ఎవరో మాట్లాడుకుంటున్నట్టు వినిపించింది.
దిగాక రూపాయి బిళ్ళతో గొట్టం పొడుగునా తట్టాను.
టక్, టక్, టక్,
టప్.
ఇక్కడ, అన్నాను.
వెంట్రుకంత గీత. మొన్న పడ్డారా?
పడలేదన్నాడు. మోచేతి మీద చెక్కు ఇంకా ఆరలేదు.
తొక్కొద్దన్నాను. ఫోటో తీసుకుని వెళ్ళిపోయాడు.
తర్వాత ఏమైందో తెలీదు.

టైటానియం ఒక్కసారే వచ్చింది.
హార్బరులో పనిచేసే ఇంజినీరమ్మది,
రంగు వేయని బూడిద గొట్టాలు,
బ్రేకు తీగ మార్చడానికి.
నాలుగు లక్షలట.
నాకు రెండంగుళాలు ప్రభుత్వం ఊరికే పెట్టింది.
తొక్కాను. సబ్‌వే దాకా పోయి వచ్చి, మళ్ళీ పోయాను.
గాటు వచ్చింది, దాటింది,
మణికట్టు ఊరుకుంది.
లోపలి లోహం బయటి లోహాన్ని
గుర్తుపట్టిందనుకున్నాను.

చూపు తగ్గిన మేస్త్రీ స్టూలు మీంచి చెయ్యి చాపి
టైరు నొక్కాడు.
"గాలి సగమే ఉంది కదే పిచ్చిదానా.
ముందు ఇది చూడాలి, తర్వాతే గొట్టాలు."

నిండా గాలి కొట్టి మూడోసారి తొక్కాను.
ఎలా ఉందో మేస్త్రీ అడగలేదు,
నేనూ చెప్పలేదు.
బిల్లు మీద రాశాను:
బ్రేకు తీగ, నూట ఎనభై.
గాలికి ఏమీ తీసుకోలేదు.