మేనమామ పోలిక

పుట్టగానే అందరూ అన్నారు,
ఆ గెడ్డం, ఆ చెవితమ్మె, నవ్వితే ఎడమబుగ్గన సొట్ట,
అచ్చం మేనమామే, అదృష్టవంతుడని.
మా తమ్ముడు దాలినాయుడు
నాలుగో ఏట పోయాడు, మెడనిండా గడ్డలతో.
ఫొటో లేదు.
ఈ పోలికే మాకు ఫొటో.

నా తొలిచూలు వాడూ దక్కలేదు.
అందుకే వీణ్ణి అమ్మ చేటలో వేసి
గుణుపురంలో మా పెరటి పెంటకుప్ప మీద పడుకోబెట్టింది.
"ఎవులికీ వొద్దన్న గుంటడు, నీకు మాత్రం ఎందుకూ"
అని ఎవరితోనో గట్టిగా అని,
మళ్లీ తనే ఎత్తుకుంది, పెంటయ్యా అని.
అంగన్‌వాడీ ఒడియా దీదీ నోట పెంటియా అయ్యాడు.

టీకా వేసిన భుజం మానలేదు.
చంకలో బిళ్ల కట్టింది.
చీము, కోత, కట్టు.
మళ్లీ చీము.
బరంపురం పెద్దాసుపత్రిలో నర్సులు
వాడి కోసం ఒక బొమ్మ బస్సు దాచి ఉంచేవారు.

పాణిగ్రాహి డాక్టరమ్మ తెలుగు వెతుక్కుంటూ చెప్పింది:
"తెల్లకణాలు ఉన్నాయమ్మా. పిలిస్తే వస్తాయి.
పురుగుని మింగుతాయి కూడా.
కడుపులో నిప్పు రాజుకోదు, అంతే.
మింగింది పచ్చిగానే ఉండిపోతుంది."

మైక్రోస్కోపులో చూపించింది.
ఎవరిదో మంచి రక్తం: రంగు తాగి నేరేడుపళ్లయిన కణాలు.
వీడివి నానిన సగ్గుబియ్యం.
ఒక్కటీ నీలం తిరగలేదు.
నావి
సగం సగం.
ఆ సగం దగ్గరే చాలాసేపు కన్ను ఆనించి ఉన్నాను.
నాకెప్పుడూ జ్వరం రెండోరోజు నిలిచింది లేదు.

కూడనివి చీటీ మీద రాస్తోంది:
తవ్విన మట్టి, తడిసిన గడ్డి, మాగిన పెంట.
పెంట దగ్గరికి అసలే వద్దు,
ఆ బూజు వీడి ఊపిరితిత్తుల్లో ఇల్లు కడుతుందంది.
చీటీ పైన రాయడానికి పేరడిగింది.
చెప్పాను.
ఆమెకి తెలుగు వచ్చు కదా,
కలం కాసేపు ఆగింది.

రాత్రి అమ్మకి అన్నీ చెప్పాను, నా సగం తప్ప.
అది ఆమె ఇచ్చిందే.

తెల్లారేసరికి కుప్ప లేదు.
తట్టతట్టగా మోసి
వంశధార ఒడ్డున ఎవరి పొలంలోనో పోసొచ్చింది,
మోకాళ్లు పట్టని మనిషి.
నూతి దగ్గర చేతులు కడుగుతూనే ఉంది.
కుప్పున్న చోట నేల నల్లగా, గుండ్రంగా.
సున్నం చల్లాం.

పేరు మార్చాలని చూశాం.
వేరే పేరుకి వాడు పలకడు.

పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర, తేనెలో అరగదీసి.
చేదు దిగాక నావైపు చూసి నవ్వుతాడు.
నేను కుడిబుగ్గ వైపే కూర్చుంటాను.